పెట్టెలో మన ఇంటిపేరు

కితాదాని
1987 అక్టోబరు 6

ఫుసాయె చెల్లికి,

చలి మొదలైంది, నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలెట్టాలని నీ వదిన నా వెనకాల నిలబడి మరీ చెబుతోంది. రాశాను. ఇక అసలు సంగతికొస్తాను.

మొన్న క్షౌరానికి వెళితే అక్కడ నలుగురూ నన్ను చుట్టుముట్టారు. "ఉసుకురా కంపెనీని అమ్మేశారటగా తొకుజీ, ఒసాకాలో భూముల వ్యాపారం చేసేవాళ్ళు కొన్నారటగా!" అని ఒకటే గోల. నాకు వినబడలేదనుకుని మంగలి పేపరు తెచ్చి ముక్కు మీద పెట్టాడు. గడ్డానికి సబ్బు పట్టించుకుని కూర్చున్నవాణ్ణి, ఏం చదవను? ఇరవై ఆరేళ్ళ నుంచి ఆ కంపెనీలో తనిఖీ పని చేస్తున్నదానివి, సొంత అన్నకి ఒక్క ముక్క రాయకపోతివి. ఊరందరి తరవాత నాకు తెలిసింది. బాగుందా నీకిది?

కోపం పక్కన పెట్టి అడుగుతున్నాను, జవాబివ్వు. నాన్న కాలం నుంచీ మన గ్యారేజీలో బ్రేకు సామానంటే ఉసుకురా ఒక్కటే. వేరేది నేను చేత్తో ముట్టుకోలేదు. యజమాని మారాక సరుకు అలాగే ఉందా, లేదా? సరఫరా కుర్రాణ్ణి అడిగితే "పెట్టె అదే, నంబరు అదే, రంగు కూడా అదే బాబాయ్" అన్నాడు. పెట్టె సంగతి ఎవడడిగాడు? లోపల బ్రేకు నూనెని కారకుండా పట్టి ఉంచే రబ్బరు కప్పు సంగతి అడిగాను నేను. పాతదాన్ని గోటితో నొక్కితే టక్కున లేచేది. ఇప్పుడొచ్చింది కాస్త ఆలోచించుకుని లేస్తోంది. వాసన కూడా తేడాగా ఉంది. నా భ్రమేనేమో.

పెట్టెలో నీ తనిఖీ చీటీ ఉంది. దాని మీద ఎర్రగా కుసునోసె అని మన ఇంటిపేరు ముద్ర చూశాక సరేలే అనుకుని వృద్ధుల కేంద్రం వ్యానుకి బిగించేశాను. నాలుగు చక్రాలకీ, పెడల్ దగ్గరా, అన్నిటికీ అవే. ఆ వ్యాను నడిపేది నీ వదినేనని నీకు తెలుసు. బుధవారం, శనివారం ఏడుగురు ముసలమ్మల్ని ఎక్కించుకుని కొండ కిందున్న ఊరుమ్మడి వేడినీళ్ళ స్నానాల ఇంటికి దిగుతుంది. పదకొండు మలుపులు. అందుకని అడుగుతున్నాను. బాగుందో లేదో ఒక్క మాట రాయి.

ఫోను మాత్రం చెయ్యకు. రేకులు కొట్టీ కొట్టీ నా చెవులు ఎప్పుడో పోయాయి. నువ్వు అరిచినా నాకు తుమ్మెద రొదలాగే ఉంటుంది.

నీ అన్న,
తొకుజి


కంపెనీ హాస్టలు, ఆయిచి
అక్టోబరు 14

అన్నయ్యకి,

గడ్డం సబ్బుతో నువ్వు పేపరు చదవడం తలుచుకుని భోజనాల గదిలో ఒక్కదాన్నీ నవ్వుకున్నాను. పక్కవాళ్ళు పిచ్చిదనుకుని ఉంటారు.

అమ్మడం నిజమే. రాయకపోవడం నా తప్పే. కంపెనీ సంగతులు బయట చెప్పబోమని అందరిచేతా కాగితాల మీద ముద్ర వేయించుకున్నారు. వచ్చిన వాళ్ళకి బ్రేకులంటే ఏమిటో తెలియదు. స్టేషను పక్కన మన ఫ్యాక్టరీ ఉన్న స్థలం మీదే వాళ్ళ కన్ను ఉందని అందరూ చెప్పుకుంటున్నారు. రాగానే చేసిన మొదటి ఘనకార్యం ఏమిటో తెలుసా? క్యాంటీను సూపులో బచ్చలాకు తగ్గించడం. ఇప్పుడు గిన్నె అడుగున నా ముఖం నాకే కనిపిస్తోంది. నా పనిలో కూడా చిన్న మార్పేదో వచ్చింది. అదంత రాయాల్సిన సంగతి కాదులే, కలిసినప్పుడు చెబుతాను.

నీ ప్రశ్నకి జవాబు: పెట్టెలో నా ముద్ర ఉన్న చీటీ ఉంటే కళ్ళు మూసుకుని బిగించు. నేను చేత్తో తిప్పి, అంచు వేలితో తడిమి చూడనిదే ఒక్క కప్పు మీదా ముద్ర వెయ్యలేదు, ఆ సంగతి నీకు తెలుసు. వాసనంటావా, డబ్బాలో ఎక్కువకాలం ఉంటే వస్తుంది. వదినని హాయిగా నడపమను. ముసలమ్మలందరికీ నా నమస్కారాలు. యసునో మామ్మ ఇంకా డ్రైవరు వెనక సీటు నాదంటే నాదని పోట్లాడుతోందా?

ఎండబెట్టిన చిలగడదుంపలు పంపుతున్నాను. అన్నీ నువ్వే తినెయ్యకు.

చెల్లి,
ఫుసాయె


కితాదాని
అక్టోబరు 27

చెల్లీ,

దుంపలు నీ వదిన దాచేసింది. ఎక్కడ దాచిందో ఇంకా పట్టుకోలేకపోయాను.

నీ ఉత్తరం చదివాక గుండెల మీంచి బరువు దిగింది. ఊరుకున్నానా! ఆ ముక్క పట్టుకెళ్ళి మంగలి షాపులో అందరికీ చదివి వినిపించాను. "కళ్ళు మూసుకుని బిగించు అని రాసింది నా చెల్లెలు, విన్నారా?" అన్నాను. "చెవుల సంగతి చాలక ఇప్పుడు కళ్ళు కూడా మూస్తావా?" అని మంగలి వెటకారం చేశాడు. వాడి నోటికి హద్దు లేదు.

యుజు నిమ్మకాయల కోతలు మొదలవబోతున్నాయి కదా, చిన్న ట్రక్కులన్నీ ముందే నా దగ్గరికి వస్తున్నాయి. కాయల బస్తాలు నింపుకుని దిగాలి మరి. ఈ మూడు వారాల్లో పద్నాలుగు బళ్ళకి కొత్త కప్పులు మార్చాను. వచ్చిన ప్రతి చీటీనీ ఎప్పట్లాగే గోడకి అంటించాను. బండి ఇచ్చేటప్పుడు ఆ గోడ చూపించి, "చూశావా, మా ఇంటి ఆడపిల్ల ముద్ర!" అనకపోతే నాకు పని పూర్తయినట్టుండదు.

ఒక్క చిన్న చికాకు. ఒకబయాషి తెలుసుగా, వాగు అవతల తోట, నత్తి మనిషి. వాడి బండికి కప్పులు మార్చిన పది రోజులకే పెడల్ మెత్తబడిందని తిరిగొచ్చాడు. విప్పి చూద్దును కదా, కప్పు అంచు ఉబ్బిపోయి ఉంది. ఇంజను నూనె ఏదో బ్రేకు నూనెలో కలిపేసి ఉంటాడని అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏ సీసాలో ఏముందో తెలియనివాడికి బండెందుకయ్యా?" అని నలుగురిలో తిట్టాను. పాపం, ఏదో చెప్పబోయాడు. నత్తి మూలాన చెప్పలేకపోయాడు, చెప్పినా నాకు వినబడేది కాదనుకో. కొత్తవి వేసి పంపించాను.

ఉంటాను.

తొకుజి


ఆయిచి
నవంబరు 4

అన్నయ్యకి,

నువ్వు రాసిన చికాకు చిన్నదేం కాదు. రాత్రంతా అదే ఆలోచన.

రబ్బరు ఉబ్బిందంటే పెట్రోలు జాతి నూనె ఏదో తగిలినట్టే. ఒకబయాషి గారు కలపలేదంటే మరి ఎక్కడ తగిలింది? నన్ను తిట్టుకున్నా సరే అడుగుతాను: నువ్వు మళ్ళీ కిరోసిన్‌తో కడుగుతున్నావా? నాన్న అన్నీ కిరోసిన్ డబ్బాలోనే ముంచి కడిగేవాడు. ఇనుముకి ఫరవాలేదు గానీ ఈ కప్పులకి అది విషమని నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నీకు రాశాను. పని ఒత్తిడిలో చెయ్యి పాత అలవాటుకి పోతుంది. అందరికీ జరిగేదే. నేను చూసి ముద్ర వేసిన కప్పు పది రోజుల్లో ఉబ్బడం మాత్రం జరగదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి తిరిగి రాలేదు.

ఆ కప్పూ, దాంతోపాటు వచ్చిన చీటీ నాకు పంపించు. చూస్తాను.

వదినకి కొత్త చేతి తొడుగులు అల్లుతున్నాను. ఒకటి అయింది, రెండోదాని బొటనవేలు కుదరట్లేదు.

ఫుసాయె


కితాదాని
నవంబరు 12

మహారాజశ్రీ ఉసుకురా కంపెనీ తనిఖీ అధికారిణి గారి సముఖమునకు,

శరదృతువు శోభాయమానంగా ఉన్న ఈ తరుణంలో తమరి ఆరోగ్యం దివ్యంగా ఉందని భావిస్తూ, కితాదానిలో పాత అలవాట్లు మానుకోలేని ఒక ముసలి మెకానిక్ రాసుకునే విన్నపం.

కిరోసినా? నేనా? ఫుసాయె, ఈ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆ ఏడాది నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ డబ్బా తీసుకెళ్ళి పెరట్లో పారబోశాను. నాన్న నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఆ కప్పుల్ని బ్రేకు నూనెతో తప్ప మరోదాంతో తుడవను. పిల్లకి ముఖం తుడిచినట్టు తుడుస్తాను.

ఇప్పటికి మూడు బళ్ళు తిరిగొచ్చాయి. మూడిట్లోనూ అదే ఉబ్బు. మూడూ వేరువేరు ఇళ్ళవి, వేరువేరు నూనెలు. నేను ఒకబయాషిని ఉత్తి పుణ్యానికి తిట్టాను. అతను నోరెత్తకుండా బండి తీసుకెళ్ళి పట్నంలో సహకార గ్యారేజీలో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహం పోయింది. ఎదురుపడినా తల తిప్పుకుంటున్నాడు.

నువ్వడిగినవి పంపుతున్నాను. మూడు కప్పులు, మూడు చీటీలు. చీటీల మీద తేదీలు చూసుకో: సెప్టెంబరు 24, అక్టోబరు 2, అక్టోబరు 9. అన్నీ కొత్త యజమాని వచ్చిన తర్వాతవే. ముద్ర నీదే. నిద్రపోతూ వేశావో, పైవాడు వెయ్యమన్నాడని వేశావో నాకు తెలియదు. నీ ముద్ర చూసి నేను పదిహేడు బళ్ళకి నా ముద్ర వేశాను.

వ్యాను నిన్న విప్పి చూశాను. వెనక చక్రాల్లో కప్పులు బాగానే ఉన్నట్టున్నాయి. ముందువి కొంచెం, ఏమో, చెప్పలేను. నా కళ్ళని నేనే నమ్మలేకపోతున్నాను. పెడల్ దగ్గరది విప్పాలంటే మొత్తం ఊడదియ్యాలి, వెయ్యడానికి వేరే కప్పులు లేవు, ఉన్నవన్నీ ఇవే. పట్నం నుంచి వేరే కంపెనీవి తెప్పిస్తున్నాను, సోమవారానికి వస్తాయి. శనివారం ఒక్క పూట ఆపుదామని నీ వదినతో అంటే, "పెడల్ రాయిలా ఉంది, నీకు చాదస్తం పెరిగింది. ముసలమ్మలు శనివారం స్నానం కోసం ఎదురుచూస్తున్నారు" అని కసిరింది. అసలు సంగతి దానికి చెప్పలేదు. ఏమని చెప్పను? నీ ఆడపడుచు ముద్ర వేసి పంపింది పనికిమాలిన సరుకని చెప్పనా?

తొకుజి


ఆయిచి
నవంబరు 15, ఎక్స్‌ప్రెస్

అన్నయ్యా,

వ్యాను ఆపెయ్. ఇది చదువుతూ చదువుతూనే లేచి వెళ్ళి ఆపెయ్. తాళం చెవి వదిన చేతిలోంచి లాక్కో. మిగతాది తర్వాత చదువు.

నీ పార్సెలు నిన్న సాయంత్రం అందింది. అప్పట్నుంచి మీ ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాను, ఎవరూ ఎత్తట్లేదు. కోతల్లో ఉన్నారేమోనని పొద్దున మళ్ళీ చేశాను. తంతి కూడా ఇచ్చాను. వదినకి ఎలాగైనా అందాలి.

ఆ ముద్రలు నేను వేసినవి కావు.

మూడు చీటీలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. మూడు ముద్రలూ ఒకే వైపు ఒకేలా కాస్త వాలి ఉన్నాయి. మూడిట్లోనూ ఒకేచోట సిరా తెగింది. చేత్తో వేసిన ముద్ర రెండుసార్లు ఒకేలా పడుతుందా? నువ్వూ వేస్తావుగా, నీకు తెలుసు. నా పాత చీటీ ఒకదాన్ని అచ్చుకిచ్చి వేల కొద్దీ కొట్టించారు.

సెప్టెంబరు ఒకటో తారీకున నన్ను తనిఖీ నుంచి తీసేశారన్నయ్యా. ఒక్క నన్నే కాదు, బల్ల దగ్గర కూర్చునే పదకొండు మందినీ. చేత్తో చూడటం దండగన్నారు. నేనిప్పుడు సరుకు పంపే షెడ్డులో అట్టపెట్టెలకి తాడు కడుతున్నాను. "చిన్న మార్పు" అని రాశానే, అదిది. రాయలేకపోయాను. నువ్వు గోడ నిండా నా చీటీలు అంటించి ఊరందరికీ చూపిస్తావు. ఆ గోడ తలుచుకుని సిగ్గేసి రాయలేకపోయాను.

తనిఖీతో పాటే చీటీలూ ఆపేశారనుకున్నాను. అందుకే నీ పెట్టెలో నా చీటీ ఉందంటే, అది పాత సరుకు, నేను చూసినదే అనుకున్నాను. కళ్ళు మూసుకుని బిగించమన్నాను. తేదీ ఏమిటని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. పైగా నిన్నే కిరోసిన్ అన్నాను.

ప్యాకింగులో ఉండే హరుయోని అడిగితే చెప్పింది. చీటీ లేకపోతే దుకాణాలవాళ్ళు సరుకు తీసుకునేది లేదని గొడవ చేశారట, "అయితే చీటీ వేసి పంపండి" అన్నారట పైవాళ్ళు. రబ్బరు కూడా పాత చోటు నుంచి రావట్లేదు. ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ తెలియదు.

ఆపేశావని ఒక్క ముక్క పంపు. నాకు అన్నం సయించట్లేదు.

ఫుసాయె


పట్నం ఆసుపత్రి
నవంబరు 16

చెల్లీ,

ఈ ఉత్తరం చదివాక చించెయ్.

శనివారం పొద్దున వ్యానుకి ప్రమాదం జరిగింది. భయపడకు, ఎవరూ చనిపోలేదు. ఏడో మలుపు దగ్గర పెడల్ నేలకి ఆనిపోయిందట. నీ వదిన గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, లోయ వైపు పోకుండా కొండ వైపు తోట గోడకేసి రాసుకుంటూ పోయింది. బండి పక్కకి ఒరిగింది. దాని ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. యసునో మామ్మకి తుంటి ఎముక విరిగింది. తొంభై ఒకటో ఏడు, ఇక లేచి నడుస్తుందో లేదో డాక్టరు చెప్పడం లేదు. మిగతావాళ్ళకి గీతలు, దెబ్బలు. వాళ్ళలో ఒకావిడ నా చొక్కా పట్టుకుని "తొకుజీ, నువ్వు బాగుచేసిన బండేగా అది?" అని అడిగింది. ఆ మాట మాత్రం శుభ్రంగా వినబడింది నాకు.

నేను చేసింది విను, నీ మాట కూడా ఇదే కావాలి. పోలీసు హమగుచి గారు వచ్చి సర్వీసు పుస్తకం తెరిచి నా ముద్ర చూపించారు. కప్పు ఎందుకు ఉబ్బిందని అడిగారు. కిరోసిన్‌తో కడిగానని చెప్పాను. పాత అలవాటు, పొరపాటైంది అన్నాను. ఆయన రాసుకుని నాచేత ముద్ర వేయించుకున్నారు.

సాయంత్రం గ్యారేజీకి వెళ్ళి గోడ మీద చీటీలన్నీ ఊడబెరికి పొయ్యిలో వేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. నీకు పంపిన మూడూ నువ్వు కాల్చెయ్. నీ మీద కోపంగా రాశాను, నిజమే. ఇప్పుడు ఆ కోపం లేదు. నువ్వు పైవాళ్ళ మాట కాదనలేక వేసి ఉంటావు. ఒంటరిదానివి, ఆ ఉద్యోగం తప్ప నీకు మరో ఆధారం లేదు. ముద్ర నీదని తెలిస్తే నిన్ను జైల్లో వేస్తారు. నాకు అరవై దాటాయి. గ్యారేజీ మూసేసినా తోటపని చేసుకుని బతుకుతాను.

నువ్వు ఏమీ ఎరగనట్టు ఉండు. నర్సమ్మ చేతికిచ్చి దీన్ని పోస్టు చేయిస్తున్నాను. ఆ కాసేపు గ్యారేజీకి తప్ప, వదినని వదిలి మూడు రోజుల్నుంచి ఇంటి గడప తొక్కలేదు.

అన్న


ఆయిచి
నవంబరు 19

అన్నయ్యా,

కాల్చను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చాను. నువ్వు ఇంటికి చేరి నా ఉత్తరం ఈపాటికి చదివే ఉంటావు. నా ముద్ర నేను వేయలేదని ఇప్పటికైనా తెలిసి ఉంటుంది. మొదటి ఉత్తరంలోనే అది రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. వదిన చెయ్యి, మామ్మ తుంటి, నువ్వు చెప్పిన అబద్ధం, అన్నిటికీ నా సిగ్గే కారణం.

నిన్న చీటీలు పట్టుకుని కొత్త మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వాటిని చూడను కూడా చూడలేదు. "ముద్ర మీదే కదమ్మా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "ఆ ప్రమాదం మెకానిక్ పొరపాటని ఆయనే ఒప్పుకున్నాడటగా" అని కూడా అన్నాడు. చూశావా, నీ కిరోసిన్ మాట నాకంటే ముందే ఇక్కడికి చేరిపోయింది.

నా పేరు కాపాడావనుకుంటున్నావు. నా పేరు ఇప్పుడు ఎన్ని చక్రాల్లో ఉందో నాకే తెలియదు. ఈ వారం నేను తాడు కట్టిన పెట్టెలే హొక్కాయిదో దాకా వెళ్ళాయి. ఆ ఊళ్ళల్లోనూ ఎవరో ఒకరు నీలాగే పెట్టె విప్పి, చీటీ చూసి, సరేలే అనుకుంటూ ఉంటారు. ఇవాళ పొద్దున తాడు కింద పెట్టేశాను. కట్టనని చెప్పి వచ్చేశాను. హరుయో నా వెనకాలే వచ్చేసింది. ఇంకెవరూ రాలేదు.

రేపు రవాణా కార్యాలయానికి వెళుతున్నాను. మూడు చీటీలు, మూడు కప్పులు, నన్ను బదిలీ చేసిన కాగితం. అంతే ఉంది నా దగ్గర. నువ్వు కిరోసిన్ అన్నంత కాలం ఇవి ఎవరికీ అక్కర్లేదు. హమగుచి గారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పు. అబద్ధం చెప్పినందుకు నీకేమవుతుందో నాకు తెలియదు, గ్యారేజీ లైసెన్సు పోవచ్చు. ఊళ్ళో తలెత్తుకోలేకపోవచ్చు. తెలిసే అడుగుతున్నాను. నీకు దణ్ణం పెడతాను.

ఫుసాయె


కితాదాని
డిసెంబరు 8

చెల్లీ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక కాదు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియక.

వెళ్ళాను. వదిన ఎదుటే హమగుచి గారికి నిజం చెప్పాను, అది ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే. హమగుచి గారు పెన్ను పక్కన పెట్టి, "మొదట కిరోసిన్ అన్నారు, ఇప్పుడు అచ్చు ముద్ర అంటున్నారు, నేనేది రాసుకోవాలి కుసునోసె గారూ?" అన్నారు. రెండూ నేనే చెప్పాను, రెండూ రాసుకోండి అన్నాను. గ్యారేజీ లైసెన్సు తీసుకెళ్ళారు. రెండు నెలలన్నారు, ఎక్కువే కావచ్చట. నీ కాగితాలు రవాణా కార్యాలయం నుంచి ఈయన దాకా వచ్చాయట. ఆ తర్వాత నాలుగు రోజులకి దుకాణాలకి తాఖీదు వచ్చింది, ఉసుకురా కప్పులు అమ్మవద్దని. "తాత్కాలికంగా" అని ఉంది. మంగలి తెచ్చి చూపించాడు. ఈసారి వెటకారం చెయ్యలేదు.

పదిహేడు బళ్ళ ఇళ్ళకీ తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ తల వంచి, ఈ బండి నడపకండి అన్నాను. కోతల మధ్యలో. కొందరు తిట్టారు. కొందరు టీ ఇచ్చారు. సగం ఇళ్ళు తిరిగాక ఒకబయాషి ఇంటికి వెళ్ళాను. తలుపు తీశాడు. ఏదో అనబోయి నత్తి పట్టి ఆగిపోయాడు, నేను నేల మీదే మోకాళ్ళ మీద కూర్చున్నాను. అతను లోపలికి వెళ్ళి, పట్నంలో బాగుచేయించుకున్న తన ట్రక్కు తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు, మిగతా ఇళ్ళకి నడిచి తిరక్కుండా.

యసునో మామ్మకి నడక రాదని తేల్చేశారు. చూడ్డానికి వెళితే "ఈ వారం స్నానం ఎప్పుడు?" అని అడిగింది.

అసలు రాయాల్సింది ఇది. వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వినబడక కాదు, దాని పెదవులు కదలడం లేదు. మూడో రోజు కాగితం మీద రాసి ఇచ్చింది, తప్పించుకోకుండా చదవాలని. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ చెల్లెలి పేరు చూసి నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టావు. అనుమానం వచ్చాక కూడా ఆ పేరు చెడుతుందని నాకు చెప్పలేదు. నా చెయ్యి విరిగాక ఆ పేరు కోసమే పోలీసులకి అబద్ధం చెప్పావు. నేను కూడా ఆ ఇంటిపేరు పెట్టుకున్నదాన్నే కదా. నేనెక్కడున్నాను ఇందులో?"

ఫుసాయె, దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి. నువ్వు సిగ్గుపడి దాచావు, నేను పరువనుకుని దాచాను. మనిద్దరం ఒకరి కోసం ఒకరం ఎంతో చేసుకున్నాం. మధ్యలో బండి నడిపింది అది.

వ్యాను బాగైంది. సహకార గ్యారేజీవాళ్ళు ముద్ర వేశారు గానీ చక్రాలు విప్పి కప్పులు వేసింది నేనే, వాళ్ళు దగ్గరుండి చూశారు. వదిన కట్టు కట్టిన చేత్తోనే పక్కన కూర్చుని ప్రతి కప్పూ గోటితో నొక్కి చూసింది. వేరే కంపెనీవి. నాకు తెలియని కంపెనీ, తెలియని రబ్బరు. బాగుంటాయా అని అడిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి "తెలియదు" అన్నాను. విప్పి చూశాను, చూడగలిగినంత చూశాను, అంతకు మించి తెలియదు అన్నాను. సరే అంది.

రేపు బుధవారం. దాని చెయ్యి మానేదాకా ఒకబయాషి నడుపుతాడు. ముసలమ్మలు ఆరుగురు ఎక్కుతామన్నారు. వదిన నాకు ముందు సీటు చూపించి, "నువ్వు అక్కడ కూర్చో. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ. ప్రతి బుధవారం, ప్రతి శనివారం" అంది.

ఈ పనిలోకొచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను బాగుచేసిన బండిలో ఆ కొండ ఎప్పుడూ దిగలేదు. ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి.

కూర్చుంటానని చెప్పాను.

అన్న